మా కాలనీ కుక్కలకి మున్సిపాలిటీ చేత ఆపరేషన్లు, టీకాలు చేయించుకున్నాం – నా అనుభవం

వీధి కుక్కల గురించి రాస్తే సగం మంది తిడతారు, తెలుసు. అయినా రాస్తున్నా, ఎందుకంటే కుక్కలకి పద్ధతి ప్రకారం కు.ని. ఆపరేషన్లు, రేబిస్ టీకాలు మున్సిపాలిటీ చేత చేయించాలంటే ఎవర్ని అడగాలి, అర్జీలో ఏం రాయాలి, బండి వచ్చిన రోజు దగ్గరుండి ఏం చూసుకోవాలి అనేది నాకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు, ఒక్కో ఆఫీసూ తిరిగి తెలుసుకోవాల్సి వచ్చింది. మాది ఆంధ్రాలో ఒక మోస్తరు మున్సిపాలిటీ. ఊరి పేరు రాయట్లేదు, మొదట్లో మమ్మల్ని తిప్పించుకున్న ఆఫీసులోనే తర్వాత మనసుపెట్టి పని చేసినవాళ్లూ ఉన్నారు, వాళ్లకి ఇబ్బంది రాకూడదు.

ముందు 2025 వేసవిలో ఏం జరిగిందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కాలనీలో ఎవరో ఫిర్యాదు పెట్టారు, ఒకరోజు తెల్లారకుండానే కుక్కల బండి వచ్చింది. కర్ర చివర ఇనుప తీగ ఉచ్చు, అది మెడకేసి బిగించి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వెళ్లి బండిలోకి విసరడమే. మా వీధిలో నల్లది అని ఒక ముసలి కుక్క ఉండేది, పళ్లు కూడా సరిగ్గా లేవు దానికి, పెరుగన్నం తప్ప ఏదీ తినలేకపోయేది. దాన్ని పట్టేటప్పుడు తీగ మెడ చర్మంలోకి దిగిపోయింది, అది అరవలేక నాలుక బయటపెట్టి ముందుకాళ్లు రోడ్డుకి ఆనించి ఆగిపోతే ఇంకా గట్టిగా లాగారు. సిమెంట్ రోడ్డు మీద గోళ్లు గీసుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తది. ఎక్కడికి బాబూ అంటే "ఆపరేషన్‌కి అమ్మా, మళ్లీ తెచ్చి వదిలేస్తాం" అన్నారు. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. మా పాలబ్బాయి తర్వాత చెప్పాడు, బైపాస్ అవతల డంపింగ్ యార్డ్ దగ్గర దింపేసి పోయారంట, అక్కడున్న కుక్కలు మీదపడి కొన్ని, లారీల కింద పడి కొన్ని పోయాయంట.

ఇక కుక్కల బాధ పోయింది అనుకున్నారు అందరూ. వానలు మొదలయ్యేసరికి మార్కెట్ వైపు నుంచి కొత్త గుంపు దిగింది. మా కాలనీ చివర చికెన్ షాపుల వ్యర్థాలు పడేసే చోటు ఉంది, తిండి ఉన్నచోట ఖాళీ ఉంటే కుక్కలు రాకుండా ఎలా ఉంటాయి? పాతవి మాకు అలవాటైనవి, పేపర్ బాయ్ నుంచి పిల్లల దాకా అందర్నీ గుర్తుపట్టేవి. ఈ కొత్తవాటికి మేమంతా పరాయివాళ్లమే, బండి కనపడితే వెంటపడటం, రాత్రంతా కరుచుకోవడం. జులైలో మా ఎదురింటి మాస్టారి మనవడిని పిక్క మీద కరిచింది ఒకటి, చిన్నగా కాదు, కండ ఊడొచ్చేలా. పిల్లాడికి ఏడేళ్లు. కుళాయి కింద సబ్బుతో పావుగంట పాటు కడిగించాం (ఇది మాత్రం ఎవరూ మర్చిపోవద్దు, పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టొద్దు, ముందు కడగండి), గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే మందు) ఇచ్చి టీకా మొదలుపెట్టారు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకి మళ్లీ. ఆ గాయం చుట్టూ సూదులు పొడిచేటప్పుడు పిల్లాడి కేకలు విని బయట కూర్చున్న మాస్టారు వణికిపోయారు.

ఆ సాయంత్రం ఆయన నాతో "అమ్మాయ్, నీకు కుక్కలంటే ప్రేమ, నాకు నా మనవడంటే ప్రాణం, ఇంక వీటిని ఇక్కడుంచనివ్వను" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని కుక్కలు చంపేసిన వీడియో చూసిన ఏ తాతైనా అలాగే అంటాడు. కుక్కలకి అన్నం పెట్టేవాళ్లం మేము ఇలాంటి మాట దగ్గర మొహం తిప్పేసుకుంటే మా మాట ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. నేను ఆయనకి చెప్పింది ఒక్కటే, మాస్టారూ పోయిన వేసవిలో తీయించారు కదా, తీయిస్తేనే కదా ఇవి వచ్చాయి, మళ్లీ తీయిస్తే మళ్లీ ఇంకోటి వస్తది, ఈసారి వేరే దారి చూద్దాం, మీరూ నాతో రండి అని. వెంటనే ఒప్పుకోలేదు ఆయన.

నేను అప్పుడే సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాను. వేసవిలో మా వార్డులో పట్టిన కుక్కలు ఎన్ని, ఎక్కడికి తీసుకెళ్లారు, ఏ డాక్టర్ ఆపరేషన్ చేశారు, తిరిగి ఎక్కడ వదిలారు, దానికి సంబంధించిన రిజిస్టర్ కాపీ ఇవ్వండి అని అడిగా. ఎవర్నీ నిందించలా, ప్రశ్నలే. చట్టం ప్రకారం ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

ఈలోపు ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలి, మళ్లీ వదలకూడదు అని చెప్పింది. టీవీల్లో అదే, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అదే. వార్డు సచివాలయానికి వెళ్తే శానిటేషన్ సెక్రటరీ అమ్మాయి "మేడం, సుప్రీంకోర్టే తీసేయమంది కదా, మీరు ఆపరేషన్ అంటారేంటి" అంది. ఆ ఆర్డర్ ఢిల్లీకి సంబంధించింది అని చెప్పినా ఎవరూ వినే మూడ్‌లో లేరు. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చింది: ఆపరేషన్ చేసి, నట్టల మందు వేసి, టీకా వేసి పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, బాగా మీదపడి కరిచే రకం మాత్రం వదలకూడదు, అన్నం పెట్టేవాళ్లు కేటాయించిన చోటే పెట్టాలి, ఎక్కడపడితే అక్కడ కుదరదు. కేసుని దేశమంతటికీ వర్తించేలా చేశారు. ఇది నేను ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకున్నా, తర్వాత ప్రతి టేబుల్ దగ్గరా పనికొచ్చింది.

నిజానికి ఇందులో కొత్తేం లేదు. పట్టిన చోటే వదలాలి అనేది కుక్కల సంతాన నియంత్రణ కోసం 2001లో పెట్టిన రూల్స్ నుంచీ ఉన్నదే, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద వచ్చినవి అవి. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ వచ్చాయి. అందులో స్పష్టంగా ఉంది, వలతోనో చేత్తోనో పట్టాలి, తీగలు, పట్టకార్లు వాడకూడదు, పట్టే ముందు ఆ ఏరియాలో బోర్డు పెట్టి జనానికి చెప్పాలి, ఏ కుక్కని ఎక్కడ పట్టారో రాసుకోవాలి, ఆరు నెలల లోపు పిల్లల్ని పట్టకూడదు. మద్రాసులో కార్పొరేషన్ వాళ్లు వందేళ్లకి పైగా కుక్కల్ని చంపిస్తూనే ఉన్నారు, కుక్కలూ తగ్గలేదు, రేబిసూ తగ్గలేదు, చివరికి 1996లో ఆపరేషన్ల దారి పట్టారు. ఇంత జరిగినా 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట ఎవరో వచ్చి ఇరవై కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. అది చదివినప్పుడు నిద్రపట్టలేదు నాకు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద జంతువుని చంపితే ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు, ఎంతమందికి తెలుసు ఇది?

ఆర్టీఐ జవాబు ఆగస్టు చివర్లో వచ్చింది. ఒక్క లైన్: సదరు రికార్డు కార్యాలయంలో లభ్యం కాలేదు. మాస్టారికి చూపించా. ఆయన హైస్కూల్లో ఇన్నేళ్లు హాజరు పట్టీలు రాసిన మనిషి, ఆ కాగితం చాలాసేపు చూసి "రికార్డు లేకుండా ప్రభుత్వ బండి ఎలా కదిలింది?" అన్నారు. అప్పట్నుంచి నాతో వచ్చారు. అర్జీ కింద మొదటి సంతకం ఆయనదే, కుక్క కరిచిన పిల్లాడి తాత. రెండోది నాది. నన్నడిగితే మొత్తం పనిలో గట్టిగా పనిచేసింది ఇదే, ఎందుకంటే నేను ఒక్కదాన్నే వెళ్తే కుక్కల మేడం వచ్చింది అనుకునేవాళ్లు, ఆయన ఒక్కడే వెళ్తే తీగల బండి పంపేవాళ్లు, ఇద్దరం ఒకే కాగితంతో వెళ్తే శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీ వేసి కూర్చోమన్నారు.

అర్జీలో ఏం రాశామంటే, మా కాలనీ హద్దులు, వీధి వీధికీ ఉన్న కుక్కల లిస్టు, ఆడ మగ, రంగు, ఎక్కడ పడుకుంటది, ఫోటో. ఏది చూడితో ఉంది, ఏది పాలిస్తోంది. కరిచిన కేసుల వివరం, ఆసుపత్రి చీటీ జిరాక్స్. మేం అడుగుతున్నవి: వలలతో పట్టడం, ఆపరేషన్, టీకా, పట్టిన చోటే వదలడం, దాని రిజిస్టర్ మాకు చూపించడం. చికెన్ వ్యర్థాలు రోజూ ఎత్తించడం. కుక్కలు చాలా ఉన్నాయి చర్య తీసుకోండి అని మాత్రం రాస్తే చర్య అంటే ఏంటో వాళ్లే నిర్ణయించుకుంటారు, అందుకని ఏం కావాలో విడమరిచి రాయండి.

ఇన్‌స్పెక్టర్ గారు మొదట అన్నది బడ్జెట్ లేదని. తర్వాత మాకు ఆపరేషన్ సెంటర్ లేదమ్మా, పక్క కార్పొరేషన్‌లో ఉంది అన్నారు, అది నిజమే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి అర్జీతో పాటు ఆర్టీఐ జవాబు కూడా జత చేసి ఇచ్చాం. జాయింట్ కలెక్టర్ గారు ఆ ఒక్క లైన్ చదివి తల పైకెత్తి పశుసంవర్ధక శాఖ ఆయన్ని పిలిచారు. ఆ తర్వాత కూడా తిరగాల్సి వచ్చింది గానీ ఫైలు కదలడం మాత్రం అక్కడే మొదలైంది. పక్క కార్పొరేషన్ సెంటర్‌లో మా మున్సిపాలిటీకి కొన్ని కేజ్‌లు ఇచ్చేలా మాట్లాడారు, ఆ సెంటర్ నడిపే సంస్థకి జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉందో లేదో సర్టిఫికెట్ చూపించమని అడిగాం, చూపించారు.

మా తొందర దేనికంటే చిత్తకార్తె. అక్టోబర్‌లో అది వచ్చిందంటే కుక్కలన్నీ గుంపులు కడతాయి, మగవి కొట్టుకుంటాయి, మధ్యలో అడ్డమొచ్చిన మనుషుల్ని కరుస్తాయి, అక్కడికి రెండు నెలలకి వీధి వీధికీ పిల్లలు. ఒక్కో ఈతకి నాలుగు నుంచి ఆరు, ఏడాదికి రెండుసార్లు. అందుకే కార్తెకి ముందే అవ్వాలి అని పట్టుబట్టాం, సెప్టెంబర్ చివర్లో బండి వచ్చింది.

ముందురోజే వాటర్ ట్యాంక్ దగ్గర, రామాలయం దగ్గర బ్యానర్లు కట్టారు. ఈసారి వచ్చినవాళ్ల చేతుల్లో తీగల్లేవు, వలలు. ఇద్దరు కుర్రాళ్లు, డ్రైవర్, సంస్థ తరఫున ఒకావిడ. పెద్ద కుర్రాడు నాతో "అక్కా మీరు రోజూ పెట్టే చోటే గిన్నె పెట్టండి, పేరు పెట్టి పిలవండి, మీరు కంగారు పడితే అవీ పడతాయి" అన్నాడు. కొద్దిగా బిస్కెట్లు వేశా. ఎర్రది అని కొత్త గుంపులో పెద్ద ఆడకుక్క, అందరికీ భయం దాన్ని చూస్తే. అది గిన్నెలో మూతి పెట్టగానే వెనక నుంచి వల వేశాడు, రెండో అతను గోనెసంచి తల మీద కప్పి, ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి నడుం కింద పెట్టి ఎత్తి కేజ్‌లో పెట్టాడు. అది భయంతో ఒంటికి పోసుకుంది, అతని చొక్కా తడిసిపోయింది, ఏమీ అనలా, "అయిపోయిందే, అయిపోయిందే" అంటూ సంచి మెల్లగా తీశాడు. ఆ కుర్రాళ్లకి ముందే టీకాలు వేయించారా అని అడిగా, వేయించారంట, అది కూడా అడగాల్సిన విషయమే, రోజూ కుక్కల మధ్య పనిచేసేవాళ్లు వాళ్లు. పాలిచ్చే తల్లిని, దాని పిల్లల్ని ముట్టుకోలేదు.

కేజ్ ఎక్కించిన ప్రతిదానికీ మెడలో నంబర్ బిళ్ల. రిజిస్టర్‌లో తేదీ, టైము, ఎక్కడ పట్టారు అనేది మాస్టారు పక్కన నిలబడి రాయించారు. రామాలయం అని రాస్తే ఒప్పుకోలేదు, రామాలయం వెనక సందు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన అని రాయించారు. ప్రతి పేజీ నేను ఫోన్‌లో ఫోటో తీశా.

సెంటర్‌కి మేం ఇద్దరం వెళ్లి చూశాం, వెళ్లనిచ్చారు. బ్లీచింగ్ వాసన, కేజ్‌లు కడిగి ఉన్నాయి, మా ఏరియావి ఒక వరసలో, వేరే ఏరియావి వేరేగా. అలా విడిగా పెట్టకపోతే డిస్టెంపర్ లాంటి జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుని ఆపరేషన్ బాగా అయినా కుక్క చచ్చిపోతది అని డాక్టర్ గారు చెప్పారు. పొద్దున తిండి పెట్టరు, మత్తు ఇస్తారు కాబట్టి. ఆడవాటికి పక్కడొక్కలో చిన్న కోత పెట్టి గర్భసంచి, అండాశయాలు తీసేస్తారు, మత్తులో ఉండగానే చెవి చివర చిన్న గాటు కత్తిరిస్తారు, దూరం నుంచి చూసినా దీనికి అయిపోయింది అని తెలియడానికి. తీసిన అవయవాలు ఫార్మలిన్ డబ్బాలో దాచి లెక్క చూస్తారు, చెయ్యకుండానే చేసినట్టు బిల్లు పెట్టకుండా. మాస్టారు అన్నీ అడిగారు, నాకంటే ఎక్కువ అడిగారు. నూటికి డెబ్భై కుక్కలకి టీకా పడితే ఆ ప్రాంతంలో రేబిస్ వ్యాపించడం ఆగిపోతదని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క, అది విని ఆయన "మరి మా పక్క వార్డులో?" అన్నారు.

వదిలే రోజు అసలు గొడవ. ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజులు ఉంచి, కుట్లు చూసి తెచ్చారు, అంతవరకు బాగానే ఉంది. డ్రైవర్ కాలనీ ఆర్చి దగ్గర బండి ఆపి అన్నిటినీ అక్కడే దింపేద్దామని తలుపు తీయబోయాడు. నేను అడ్డం నిలబడ్డా. "ఒకే కాలనీ కదా మేడం, అవే వెళ్లిపోతాయి, నాకింకో ట్రిప్పుంది" అన్నాడు. అన్నా, మనకి ఒకే కాలనీ గానీ వాటికి వీధికో హద్దు, కడుపు కోసి కుట్లేసుకున్న కుక్కని పరాయి వీధిలో వదిలితే మిగతావి మీదపడి కుట్లు చింపేస్తాయి, మెయిన్ రోడ్డు మీద లారీలున్నాయి అని చెప్పా. వినలా. అప్పుడు ఫోన్‌లో రిజిస్టర్ పేజీ తీసి ఇదిగో ఈ నంబర్‌ది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన అని ఉంది, మీ సంతకమే ఉంది అని చూపించాక బండి లోపలికి తిప్పాడు. ఒక్కోదాన్నీ దాని చోట దింపారు. ఎర్రది కేజ్ తలుపు తీయగానే దూకి, సందు మూలకి వెళ్లి వాసన చూసి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ పక్కన తిరిగి తిరిగి పడుకుంది. అందుకే అందరికీ చెప్తున్నా, ఏదడిగినా అడక్కపోయినా పట్టిన చోటు రాసిన రిజిస్టర్ పేజీ మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. వేసవిలో నల్లదానికి ఆ ఒక్క కాగితం ఉంటే డంపింగ్ యార్డ్‌లో పడేసేవాళ్లు కాదు.

ఒకదానికి కుట్టు దగ్గర వాచి చీము పట్టింది, ఫోన్ చేస్తే రెండు పూటలు ఆలస్యంగానైనా మనిషిని పంపారు, మందు పెట్టి యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గింది.

అన్నం పెట్టే చోటు గురించి కాలనీలో మీటింగ్ పెట్టాల్సి వచ్చింది. మూడో లైన్ పిన్నిగారు పార్క్ గేటు దగ్గర పెడతారు, అక్కడ పిల్లలు ఆడుకుంటారు. రూల్ ప్రకారం కూడా పిల్లలు ఆడుకునే చోట, మెట్ల దగ్గర, గేట్ల దగ్గర పెట్టకూడదు. ఆవిడ "నేను ఇరవై ఏళ్ల నుంచి పెడుతున్నానే తల్లీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ చేత్తోనే పెట్టేలా, చోటు మాత్రం వాటర్ ట్యాంక్ వెనకకి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, తిన్నాక ఆకులు ఎత్తేసేలా ఒప్పించాం. చికెన్ షాపుల వ్యర్థాలకి రోజూ బండి వస్తోంది, కొన్ని రోజులు రాదు, ఫోన్ చెయ్యాలి. చిత్తకార్తెలో ఈసారి మా వీధిలో గుంపులు కట్టలేదు. బండ్ల వెంట పడటం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. మాస్టారి మనవడు ఇప్పటికీ ఎర్రది కనపడితే తాత చెయ్యి పట్టుకుంటాడు, కరిచింది అది కాకపోయినా. వాడి భయం పోవడానికి టైమ్ పడతది, వాణ్ని ఎవరూ తొందరపెట్టట్లేదు.

ఇంకా తేలనిది స్కూలు సంగతి. నవంబర్ 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల్లో ఉన్న కుక్కల్ని ఆపరేషన్, టీకా చేసి షెల్టర్‌కి తరలించాలి, అక్కడికే తిరిగి వదలకూడదు, ఆవరణలకి కంచె వెయ్యాలి అని చెప్పింది. మా పక్క మున్సిపల్ స్కూల్ వరండాలో ఒక చెవి గాటున్న కుక్క పడుకుంటది. స్కూల్లో పిల్లల భద్రత ముందు, అందులో రెండో మాట లేదు నాకు. కానీ మా ఊళ్లో షెల్టర్ లేదు. షెల్టర్ లేని ఊళ్లో తరలించండి అంటే మళ్లీ ఆ డంపింగ్ యార్డే అవుతుందని భయం. అందుకే మాస్టారు, నేను కలిసి ఇంకో అర్జీ పెట్టాం: స్కూల్ వెనక గోడ పడిపోయిన చోట కట్టించండి, తరలించే కుక్కని ఏ షెల్టర్‌కి పంపుతున్నారో, అక్కడ తిండి, డాక్టర్ ఉన్నారో రాతపూర్వకంగా చెప్పండి, అప్పటిదాకా బండి పంపొద్దు అని. దాంతోపాటు వచ్చే సెప్టెంబర్‌కి ఈ కుక్కలన్నిటికీ రేబిస్ టీకా మళ్లీ వెయ్యాలి, ఏటా వెయ్యాల్సిందే, ఆ ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో పెట్టమని అడిగాం. గోడకి ఇంజనీర్ వచ్చి కొలతలు తీసుకెళ్లారు. షెల్టర్ గురించి జవాబు ఇంకా రాలేదు, సోమవారం మళ్లీ వెళ్తున్నాం.